గాలి మాటలు, గాలి లెక్కలు

తెలుగులో గాలికి మంచి పేరు లేదు. నమ్మకూడని మాట ‘గాలి మాట’. పట్టించుకోకపోతే ‘గాలికి వదిలేశారు’. ఏ భరోసా లేకపోతే ‘గాలిలో దీపం’. పనీపాటా లేకుండా తిరిగేవాడికి ఏ బిరుదు ఇస్తారో హాస్టల్లో ఉన్న మీకు నేను చెప్పక్కర్లేదు. ఇంత చెడ్డ పేరున్న గాలి మీదే అనంతపురం, కర్నూలు, కడప వైపు కొండల మీద వేల గాలిమరలు తిరుగుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో పవన విద్యుత్ సామర్థ్యం 4,000 మెగావాట్ల పైమాటే. దేశం మొత్తం మీద 2025లో 50,000 మెగావాట్లు దాటింది.

ఈ గాలిమరల యజమానులకు ఒక విచిత్రమైన హోంవర్క్ ఉంటుంది. రేపు గాలి ఎంత వీస్తుందో, దాంతో ఎంత కరెంటు వస్తుందో ఇవాళే రాసివ్వాలి. అది కూడా ‘రేపు బాగానే ఉంటుంది’ అని రాస్తే కుదరదు. రోజును 15 నిమిషాల చొప్పున 96 బ్లాకులు చేసి, ఒక్కో బ్లాకుకి ఒక్కో అంకె ఇవ్వాలి. రాసిచ్చిన దానికీ, నిజంగా వచ్చిన దానికీ తేడా ఒక హద్దు దాటితే డబ్బు కట్టాలి. దీన్ని డీవియేషన్ సెటిల్‌మెంట్ అంటారు. పరిశ్రమలో మాత్రం అందరూ ‘పెనాల్టీ’ అనే అంటారు కాబట్టి నేనూ అదే వాడతాను.

‘ఏఐతో పెనాల్టీ తగ్గిస్తాం’ అనే మాట ఇప్పుడు ప్రాజెక్ట్ రివ్యూల్లో, హ్యాకథాన్లలో బాగా వినిపిస్తోంది. దీని మీద నా అభిప్రాయం ఒకటుంది. పెనాల్టీ తగ్గించడం వేరు, తప్పు తగ్గించడం వేరు. మొదటిది కోడ్‌తో ఎలాగోలా చేసేయొచ్చు. రెండోదానికి డేటా కావాలి, ఆ డేటా మన చేతిలో లేదు. దాని కోసం అడగకుండా మోడళ్ళ పేర్లు మాత్రం మారుస్తూ కూర్చుంటే మనం చేసేవి గాలి లెక్కలే అవుతాయి.

అసలు ఈ హోంవర్క్ ఎందుకు?

ఈ టాపిక్ గురించి చెప్పినప్పుడల్లా నా రూమ్మేట్ ఒకటే అడుగుతాడు. “గాలి ఎవడి చేతిలో ఉందిరా? దానికి ఫైన్ ఏంటి?” వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ కరెంటును బియ్యంలా బస్తాల్లో నింపి అటక మీద పెట్టుకోలేం. ఏ క్షణంలో ఎంత వాడుతున్నామో ఆ క్షణంలో అంతే తయారవ్వాలి. ఈ తూకం తప్పుతోందా లేదా అన్నది గ్రిడ్ ఫ్రీక్వెన్సీలో కనిపిస్తుంది. అది 50 హెర్ట్జ్ దగ్గర నిలబడాలి. తయారీ తగ్గితే ఫ్రీక్వెన్సీ పడిపోతుంది, ఎక్కువైతే పెరుగుతుంది. తూకం, లైన్ల మీద భారం రెండూ అదుపు తప్పితే ఏమవుతుందో 2012 జూలై 30, 31 తేదీల్లో దేశం చూసింది. రెండు రోజులూ ఉత్తర భారతం పెద్ద ఎత్తున చీకటైపోయింది. దానికి కారణం గాలిమరలు కాదు. కానీ గ్రిడ్ ఎంత సున్నితమైనదో అర్థం కావడానికి ఆ రెండు రోజులు చాలు.

లోడ్ డిస్పాచ్ సెంటర్‌లో కూర్చున్న ఇంజనీరుకి గాలి ఎంత వస్తుందో తెలియకపోతే ఏం చేస్తాడు? జాగ్రత్త కోసం ఒక బొగ్గు యూనిట్‌ను ఊరికే నడుపుతూ ఉంచుతాడు, లేదా ఆఖరి నిమిషంలో ఎక్కువ ధరకు కరెంటు కొంటాడు. ఆ ఖర్చు చివరికి మనింటి బిల్లులోకే వస్తుంది. కాబట్టి షెడ్యూలు అడగడంలో తప్పులేదు. ‘గాలి కదా, మేమేం చేస్తాం’ అనే రోజులు 100 మెగావాట్లప్పుడు చెల్లుతాయి, 50,000 మెగావాట్లప్పుడు చెల్లవు.

పెనాల్టీ లెక్క

కొంచెం అంకగణితం చేద్దాం, ఇంటర్‌లో చేసినదానికంటే తేలికే. ఫోరమ్ ఆఫ్ రెగ్యులేటర్స్ 2015లో రాష్ట్రాల కోసం ఒక నమూనా తయారు చేసింది. దాని ప్రకారం పాత విండ్ ఫామ్‌లకు తేడా 15 శాతం దాకా ఉచితం. 15 నుంచి 25 శాతం మధ్య పడిన యూనిట్లకు 50 పైసల చొప్పున, 25 నుంచి 35 మధ్య రూపాయి చొప్పున, 35 దాటితే రూపాయిన్నర చొప్పున కట్టాలి. ఈ శాతాన్ని లెక్కకట్టేది ఫామ్ సామర్థ్యంలో.

100 మెగావాట్ల ఫామ్ ఉందనుకోండి. 60 వస్తుందని రాసిచ్చారు, 40 వచ్చింది. తేడా 20 శాతం. 15 దాకా ఉచితం కాబట్టి మిగిలింది 5 మెగావాట్లు. పావుగంటకు 1,250 యూనిట్లు, 50 పైసల చొప్పున 625 రూపాయలు. ఇప్పుడు 80 అని రాసిచ్చి 40 వచ్చిందనుకోండి. మొదటి మెట్టులో 1,250 రూపాయలు, రెండో మెట్టులో 2,500, మూడో మెట్టులో 1,875. మొత్తం 5,625 రూపాయలు. తప్పు రెండింతలైతే పెనాల్టీ తొమ్మిదింతలైంది. ఇది ఒక్క పావుగంటకి. రోజుకి ఇలాంటివి 96 ఉంటాయి.

హారంలో ఏం పెట్టాలన్నది కూడా చిన్న విషయం కాదు. గాలి తక్కువుండే నెలలో 20 అని రాస్తే 10 వచ్చిందనుకోండి. సామర్థ్యంతో భాగిస్తే 10 శాతమే తప్పు, పెనాల్టీ లేదు. షెడ్యూలుతో భాగిస్తే 50 శాతం తప్పు. అదే గాలి, అదే ఫోర్‌కాస్ట్, హారం మారగానే పాసైన వాడు ఫెయిల్. మన దేశంలో మొదట్లో తెచ్చిన పద్ధతి షెడ్యూలుతో భాగించేదే. 2013 జూలైలో మొదలై, గట్టి వ్యతిరేకత మధ్య 2014 మొదట్లోనే ఆగిపోయింది. ఆ తర్వాతే సామర్థ్యం హారంగా వచ్చింది. ఇప్పుడు హద్దులు మళ్ళీ బిగుస్తున్నాయి. అంతర్రాష్ట్ర ఫామ్‌లకు కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 2024లో తెచ్చిన నిబంధనల్లో విండ్‌కు 15 శాతం హద్దు పెట్టి, 2026 ఏప్రిల్ నుంచి దాన్ని 10 శాతం చేస్తామని అందులోనే రాసింది.

ఒక్క మీటరు తేడా

గాలి అంచనా ఎందుకంత కష్టమో చెప్పడానికి ఫిజిక్స్ లెక్చరర్ అవసరం లేదు, ఒక్క ఘనం గుర్తుంటే చాలు. గాలిలోని శక్తి వేగం ఘనానికి అనుపాతంలో ఉంటుంది. సెకనుకి 8 మీటర్లు వీస్తుందనుకుంటే 7 వీచింది. 343ని 512తో భాగిస్తే 0.67. వేగంలో ఒక్క మీటరు పొరపాటుకి మూడో వంతు కరెంటు ఎగిరిపోయింది. టీవీలో వాతావరణం చెప్పేవాళ్ళకి ఈ తేడా లెక్కలోకే రాదు. షెడ్యూలు రాసేవాడికి మాత్రం అదే ప్రాణం.

పైగా వాతావరణ కేంద్రాలు గాలిని కొలిచేది 10 మీటర్ల ఎత్తులో. గాలిమర ఇరుసు ఉండేది 80 నుంచి 120 మీటర్ల మీద. మధ్యలో కొండ వాలు, చెట్లు, పగటి ఎండ, రాత్రి చలి అన్నీ వేలు పెడతాయి. ఇంకో తలనొప్పి టైమింగ్. సాయంత్రం నాలుగుకి వస్తుందనుకున్న గాలి ఐదుకి వచ్చిందనుకోండి. గాలి అంచనా నిజమే, వచ్చింది. కానీ నాలుగు బ్లాకులూ తప్పే. రానప్పుడు వస్తుందన్నందుకు ఒకసారి, వచ్చినప్పుడు తగ్గుతుందన్నందుకు ఇంకోసారి, ఒకే తప్పుకి రెండు దెబ్బలు పడొచ్చు. అందుకే సగటు తప్పును తగ్గించమని ట్రైన్ చేసిన మోడల్ భయపడిపోయి, ఎత్తుపల్లాలు లేని చదును గీత గీయడం నేర్చుకుంటుంది. గ్రాఫ్ అందంగా ఉంటుంది. గ్రిడ్‌కి కావాల్సిన సమాచారం, అంటే ఎప్పుడు ఎగురుతుంది, ఎప్పుడు పడుతుంది అన్నది, అందులో ఉండదు.

మా అవ్వ వాళ్ళది ఉరవకొండ వైపు. శనక్కాయ వేసే ఇంట్లో ఫోర్‌కాస్ట్ అంటే కార్తెలే. మృగశిరలో చినుకు పడిందా, ఆరుద్రలో పదునైందా, ఆషాఢం గాలి ఎప్పుడు లేచింది, ఇవీ వాళ్ళ లెక్కలు. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కోటి 13, 14 రోజులు. అంటే అదీ ఒక టైమ్ బ్లాకే. రైతు తన నిర్ణయం ఎంత పెద్దదో అంత పెద్ద బ్లాకు పెట్టుకున్నాడు. విత్తనం ఏ వారం వేయాలన్నదే నిర్ణయమైతే పదిహేను నిమిషాల లెక్క దేనికి? గ్రిడ్ నిర్ణయం పావుగంటది కాబట్టి దాని బ్లాకు పావుగంట. ఏ నిర్ణయం కోసం అంచనా వేస్తున్నామో తెలియకుండా అంచనా బాగుందో లేదో చెప్పలేం. ఇది నాకు ఏ కోర్సులోనూ ఎవరూ చెప్పలేదు. కార్తెల గురించి ఆలోచిస్తుంటే తట్టింది.

పెనాల్టీయే లాస్ ఫంక్షన్ అయితే?

ఇక్కడ మనవాళ్ళు ఒక తెలివైన మాటంటారు. “ఆర్‌ఎంఎస్‌ఈ ఎందుకు, నేరుగా రూపాయల్నే లాస్ ఫంక్షన్‌గా పెడదాం. పెనాల్టీ తగ్గేలా మోడల్ నేర్చుకుంటుంది.” నాకూ మొదట ఇదే నచ్చింది. కానీ కాగితం మీద గీసి చూడండి. ప్లస్ 15 నుంచి మైనస్ 15 దాకా పెనాల్టీ సున్నా, అంటే గ్రేడియంట్ కూడా సున్నా. 2 శాతం తప్పైనా 14 శాతం తప్పైనా మోడల్‌కి ఒకటే. పాస్ మార్కులొస్తే చాలనుకునే స్టూడెంట్‌లా హద్దులోపల చతికిలబడుతుంది.

గ్రిడ్‌కి మాత్రం అది ఒకటి కాదు. రాష్ట్రంలో ఉన్న 4,000 మెగావాట్లలో 15 శాతం అంటే 600 మెగావాట్లు. ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ ప్లాంట్‌లో అన్నిటికంటే పెద్దదైన ఆరో యూనిట్ సరిగ్గా 600 మెగావాట్లు. అన్ని ఫామ్‌లూ ఒకే వైపు 15 శాతం తప్పు చేసిన రోజున ఎవరికీ రూపాయి పెనాల్టీ పడదు. గ్రిడ్‌లోంచి మాత్రం ఒక పెద్ద బొగ్గు యూనిట్ మాయమైనట్టే.

ఇంకో పక్కదారి ఉంది. హారంలో ఉన్నది ‘అందుబాటులో ఉన్న సామర్థ్యం’. యాభై గాలిమరల్లో ఐదు రిపేరులో ఉన్నా, అన్నీ పనిచేస్తున్నట్టు చూపిస్తే హారం పెద్దదవుతుంది, శాతం తగ్గుతుంది. ఒక్క గాలిమర కూడా అదనంగా తిరగలేదు, ఒక్క అంచనా కూడా మెరుగుపడలేదు, పెనాల్టీ మాత్రం తగ్గింది. ఎవరో ఇలా చేస్తున్నారని నేను అనడం లేదు. ‘పెనాల్టీ తగ్గించు’ అని మాత్రమే చెబితే ఏ ఆప్టిమైజర్ అయినా ముందు ఇలాంటి దారులే వెతుక్కుంటుందని అంటున్నాను. అది దాని స్వభావం. కోడ్ రాసేవాళ్ళం మనం కాబట్టి బాధ్యత మనది.

నిజాయితీగా పెనాల్టీ తగ్గే దారులు లేవా అంటే ఉన్నాయి. ఒకటి, కలిపి చూడటం. గ్రిడ్‌కి కావాల్సింది మొత్తం. ఒక కొండ మీద తగ్గింది ఇంకో కొండ మీద పెరిగితే రెండూ చెల్లు. నాలుగు ఫామ్‌ల తప్పులకు ఒకదానితో ఒకటి సంబంధం లేకపోతే, కలిపినప్పుడు తప్పు శాతం సగానికి పడిపోతుంది. మామూలు స్టాటిస్టిక్స్ ఇది. రుతుపవనం ఒకేసారి జిల్లా అంతా ఊపేసినప్పుడు ఈ లాభం తగ్గుతుంది, అది కూడా ఒప్పుకోవాలి. రెండోది, చివరి క్షణం దాకా చూసి సరిదిద్దుకోవడం. 2015 నమూనాలో రోజుకి 16 సార్లు షెడ్యూలు మార్చుకునే వీలుంది. రేపటి అంచనా కంటే వచ్చే రెండు గంటల అంచనా బాగా వేయొచ్చు కాబట్టి ఆ అవకాశాన్ని పూర్తిగా వాడుకోవాలి. మూడోది, ఒక్క అంకె బదులు ఒక శ్రేణి ఇవ్వడం. ‘40 వస్తుంది’ అనే బదులు ‘30 నుంచి 55 మధ్య ఉండే అవకాశం పదిలో ఎనిమిది’ అని చెబితే ఎంత రిజర్వ్ ఉంచుకోవాలో గ్రిడ్ ఇంజనీరుకి తెలుస్తుంది. డాక్టరైనా, క్రికెట్ కామెంటేటరైనా ఇలాగే మాట్లాడతారు. షెడ్యూలు ఫారంలో మాత్రం ఒక్క గడే ఉంటుంది.

బ్యాటరీలు, పంప్డ్ స్టోరేజీ వచ్చేశాక ఈ గోలంతా ఉండదంటారు కొందరు. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కట్టారు. మంచిదే. కానీ నీళ్ళు ఎప్పుడు పైకి ఎక్కించాలి, ఎప్పుడు వదలాలి అన్నది కూడా అంచనా మీదే ఆధారపడుతుంది. చెరువు ఉన్న ఊళ్ళో వాన లెక్క అక్కర్లేదని ఏ రైతూ అనడు.

టర్కీ గాలితో రాయలసీమ పాఠం

ఇప్పుడు మన సంగతి. విండ్ పవర్ ప్రాజెక్ట్ చేయాలనుకున్న స్టూడెంట్ మొదట చేసే పని కాగుల్‌లో వెతకడం. అక్కడ చాలామంది డౌన్‌లోడ్ చేసుకునే డేటా టర్కీలోని ఒక గాలిమరది. 2018 సంవత్సరం, పది నిమిషాలకొక రీడింగ్. మంచి డేటానే, తప్పుపట్టను. కానీ బస్సెక్కితే గాలిమరలు కనిపించే చోట చదువుకుంటూ, ఆషాఢం గాలి ఎలా ఉంటుందో ఒంటికి తెలిసిన పిల్లలం టర్కీలోని ఒక్క గాలిమర దగ్గర పాఠాలు నేర్చుకుంటున్నాం. మనది ఉంది, మనకి దొరకదు.

ఆ డేటాతో చేసే పనిలోనూ రెండు జబ్బులు చూస్తున్నాను. మొదటిది, టైమ్ సిరీస్‌ను పేక ముక్కల్లా కలిపేసి ట్రైన్, టెస్ట్ అని విడగొట్టడం. నిన్న 10 గంటలదీ, 10:20దీ ట్రైనింగ్‌లో ఉంటే 10:10ది చెప్పడం జోస్యమా? అది ప్రశ్నపత్రం ముందే చూసి పరీక్ష రాయడం. రెండోది, పది నిమిషాల తర్వాతది అంచనా వేసి, రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయని స్లయిడ్‌లో చూపించడం. దగ్గరగా జూమ్ చేసి చూడండి. అంచనా గీత అసలు గీతను ఒక అడుగు వెనక నుంచి అనుసరిస్తూ ఉంటుంది. ‘ఇప్పుడెంత ఉందో కాసేపటికీ అంతే’ అన్న ఒక్క లైను కోడ్ కూడా అదే పని చేస్తుంది. దీని పేరు పర్సిస్టెన్స్. మొదటి గంటా రెండు గంటల్లో దాన్ని ఓడించడం చాలా కష్టం. దానితో పోల్చకుండా ‘98 శాతం యాక్యురసీ’ అని రాస్తే ఆ 98లో మనది ఎంత, పర్సిస్టెన్స్‌ది ఎంత అన్నది ఎవరికీ తెలియదు.

పెద్ద కంపెనీల అంకెల్ని కూడా ఇలాగే చదవాలి. 2019లో గూగుల్, డీప్‌మైండ్ కలిసి అమెరికాలో 700 మెగావాట్ల గాలికి 36 గంటల ముందు అంచనా వేసి, దాని విలువ సుమారు 20 శాతం పెరిగిందని చెప్పాయి. మనవాళ్ళ స్లయిడ్లలో అది ‘20 శాతం యాక్యురసీ పెరిగింది’ అని మారిపోతుంది. వాళ్ళు చెప్పింది విలువ గురించి. పోల్చింది గ్రిడ్‌కి ముందస్తు మాట ఏదీ ఇవ్వని పరిస్థితితో. ఇంకో మంచి ఫోర్‌కాస్ట్‌తో పోల్చలేదు. ఆ ఒక్క వాక్యం వదిలేస్తే అర్థం మొత్తం మారిపోతుంది.

నేను అడిగేది ఏమిటంటే

ఒక్కో పూలింగ్ సబ్‌స్టేషన్‌కి పావుగంట చొప్పున ఇచ్చిన షెడ్యూలు, నిజంగా వచ్చిన కరెంటు, అప్పుడు అందుబాటులో ఉన్న సామర్థ్యం, ఈ మూడు కాలమ్‌లూ ఒక నెల ఆలస్యంగా అయినా సరే లోడ్ డిస్పాచ్ సెంటర్లు అందరూ డౌన్‌లోడ్ చేసుకునేలా సీఎస్‌వీ ఫైళ్ళుగా బయటపెట్టాలి. నాలుగో కాలమ్ కూడా కావాలి. గ్రిడ్ ఆదేశంతో గాలిమరల్ని ఆపిన బ్లాకులు ఏవో చెప్పాలి. లేకపోతే మంచి గాలి ఉండి కూడా ఆపేసిన గంటల్ని మోడల్ గాలిలేని గంటలుగా నేర్చుకుంటుంది.

వ్యాపార రహస్యం అంటారు కంపెనీలు. వాళ్ళ భయం నేను కొట్టిపారేయను. అందుకే ఒక్కో గాలిమర డేటా అడగడం లేదు, నెల దాకా ఆగుతామంటున్నాను. మీటరు రీడింగ్ ఎలాగూ డిస్పాచ్ సెంటర్‌కి వెళ్తోంది. కొత్తగా కొలవాల్సింది ఏమీ లేదు. కరెంటు కొనేది ప్రజల డబ్బుతో, తప్పు ఖర్చు మోసేదీ ప్రజలే. అయినప్పుడు తప్పు ఎంతన్నది ప్రజలకు తెలియాలి. దీనివల్ల కంపెనీలకీ లాభమే. హద్దును 10 శాతానికి బిగించడం న్యాయమా కాదా అని రేపు వాదన వస్తే, ‘ఈ కొండల మీద ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేకపోయారు, ఇదిగో అందరి ప్రయత్నాలూ’ అని చూపించుకోవచ్చు. ఇప్పుడు ఆ వాదనంతా మూసిన గదుల్లో, ఎవరి అంకెలతో వాళ్ళు చేసుకుంటున్నారు.

డేటా వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోమని నేను చెప్పడం లేదు. యూరప్ వాళ్ళ ఇరా5 డేటా ఉచితం. 1940 నుంచి గంటకొకసారి, 100 మీటర్ల ఎత్తులో గాలి వేగంతో సహా దొరుకుతుంది. గడి సుమారు 31 కిలోమీటర్లు కాబట్టి కొండ వాలు కనబడదు, ఊరి మీది గాలి మాత్రం కనబడుతుంది. వచ్చే సెమిస్టర్ మినీ ప్రాజెక్ట్‌కి ఉరవకొండ మీద ఉన్న గడిని తీసుకుని, పాత ఏళ్ళతో ట్రైన్ చేసి కొత్త ఏళ్ళతో టెస్ట్ చేసి, మొదటి వరుసలోనే పర్సిస్టెన్స్ స్కోరు రాసి పెడదామని నేనూ, ఇద్దరు ఫ్రెండ్స్ అనుకున్నాం. ఫలితాల్ని 27 కార్తెలుగా విడగొట్టి చూస్తాం, ఏ కార్తెలో గాలి ఎక్కువ మోసం చేస్తుందో తెలుస్తుంది. మాతో కలవాలనుకునేవాళ్ళు క్లబ్ గ్రూపులో మెసేజ్ పెట్టండి. ఎలక్ట్రికల్ వాళ్ళు ఒకరిద్దరు తప్పకుండా కావాలి. రిలే అంటే పరుగు పందెం మాత్రమే తెలిసిన బ్యాచ్ మాది.